కప్పు కాదు... ఖజానా చూడండి!

క్యాంపస్ ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చిందంటే మీ వాట్సాప్ గ్రూపుల్లో ఏ ప్రశ్నలు తిరుగుతాయో చెప్పడం పెద్ద కష్టం కాదు. ప్యాకేజీ ఎంత? బ్రాండ్ పెద్దదేనా? బాండ్ ఉందా? పోస్టింగ్ విశాఖలోనా, బెంగళూరులోనా? ఆ కంపెనీకి ఈమధ్య ఏదో అవార్డు కూడా వచ్చిందటగా? అన్నీ అడగాల్సినవే. కానీ దాదాపు ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ‘ఈ కంపెనీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది?’

ఫ్రెషర్‌కి అంత పెద్ద ప్రశ్న ఎందుకులే అనుకుంటాం. జీతం ఇస్తామన్నవాళ్లని ‘ఎక్కణ్నుంచి తెచ్చి ఇస్తారండీ?’ అని అడిగితే బాగోదని ఊరుకుంటాం. అక్కడే దెబ్బ తింటాం. ఈ మాట రుజువు చేయడానికి బిజినెస్ స్కూలు పాఠం అక్కర్లేదు. ఒక ఫుట్‌బాల్ క్లబ్బు కథ చాలు. అది ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లో జరిగింది. దానికి పదింతల పెద్ద కథ చైనాలో జరిగింది. ‘నాకు క్రికెట్ తప్ప ఏదీ తెలీదు’ అంటారా? ఏం పర్లేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియకపోయినా ఈ కథ అర్థమవుతుంది. ఎందుకంటే ఇది ఆట గురించి కాదు, ఒకటో తారీఖు గురించి.

అట్టడుగు నుంచి అందలం... మళ్లీ అట్టడుగు

2019 ఆగస్టులో మొదలుపెడదాం. అప్పటికి ఐదేళ్లుగా ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడుతున్న పుణె సిటీ క్లబ్బు డబ్బు ఇబ్బందులతో మూతపడింది. లీగ్‌లో ఖాళీ అయిన ఆ చోటును కొత్త యజమానులు తీసుకుని హైదరాబాద్‌కు తెచ్చారు. హైదరాబాద్ ఎఫ్‌సీ అలా పుట్టింది. ఒక ఊళ్లో లెక్కలు కుదరక మూసేసిన దుకాణం ఇంకో ఊళ్లో కొత్త బోర్డుతో తెరుచుకుందన్నమాట. బోర్డు మారింది సరే, లెక్కలు మారాయా అని అప్పట్లో పెద్దగా ఎవరూ అడగలేదు.

మొదటి సీజన్లో పది జట్లలో పదో స్థానం. ఆ తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్ కోచ్‌గా వచ్చాడు. పేరున్న సీనియర్ల వెంట పడకుండా ఇరవై ఏళ్ల కుర్రాళ్లని నమ్మాడు. రెండో సీజన్లో ఐదో స్థానం. మూడో సీజన్ 2021-22లో లీగ్ పట్టికలో రెండో స్థానం. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఆట 1-1తో ముగిసింది. పెనాల్టీ షూటౌట్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు ఆపేశాడు. 3-1తో హైదరాబాద్ చాంపియన్! ఆ సీజన్లో 18 గోల్స్ కొట్టిన నైజీరియా ఆటగాడు ఒగ్‌బెచె లీగ్‌లోనే టాప్ స్కోరర్. క్లబ్బు పుట్టి మూడేళ్లు కూడా నిండలేదు.

ఆ రోజు మీకు ఆ క్లబ్బు నుంచి ఆఫర్ లెటర్ వచ్చి ఉంటే? మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌గానో, వీడియో అనలిస్టుగానో, ఫిజియోగానో. కాదంటారా? ఇంట్లో స్వీట్లు పంచేవారు. దేశంలోనే నంబర్ వన్ జట్టు మరి.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 2022-23లోనూ పట్టికలో రెండో స్థానమే. మైదానంలో అంతా బాగున్నట్టే ఉంది. కానీ లోపల జీతాల బకాయిలు పేరుకుపోతున్నాయి. ఆటగాళ్లు ఫిర్యాదు చేశారు. కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా క్లబ్బుపై ఫిఫా నిషేధం పడింది. 2023-24 సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు, సీనియర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రాళ్లతోనే కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో సీజన్ లాక్కొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. 2024లో క్లబ్బు కొత్త యజమాని చేతికి వెళ్లింది. 2025లో ఊరే మారింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. పుణె నుంచి హైదరాబాద్, హైదరాబాద్ నుంచి ఢిల్లీ. కప్పు ఎత్తిన మూడున్నరేళ్లకి హైదరాబాద్ పేరు చొక్కా మీద కూడా మిగల్లేదు.

గెలిచిన జట్టుకి డబ్బెందుకు లేదు?

చాలామంది ఇక్కడే తికమక పడతారు. గెలిస్తే డబ్బు రావాలి కదా? అదేం కాదు. గెలవడం వేరు, సంపాదించడం వేరు.

ఫుట్‌బాల్ క్లబ్బుకి డబ్బు వచ్చే దారులు నాలుగు. టీవీ ప్రసార హక్కుల్లో వాటా, టికెట్లు, స్పాన్సర్లు, ఆటగాళ్లని వేరే క్లబ్బులకు అమ్మగా వచ్చే రుసుము. ఇంగ్లండ్‌లో మొదటి దారే ఒక గోదావరి. మన దగ్గర అది పిల్లకాలువ. పైగా ఐఎస్ఎల్‌లో ఆడాలంటే క్లబ్బే ఏటా కోట్లలో ఫ్రాంచైజీ రుసుము కట్టాల్సి వచ్చేది. ఇక టికెట్ల సంగతి. కొవిడ్ వల్ల 2021-22 లీగ్ మొత్తం గోవాలోనే పెట్టారు, అదీ ఫైనల్ తప్ప అన్నీ ఖాళీ గ్యాలరీల ముందే. అంటే హైదరాబాద్ ఎఫ్‌సీ చాంపియన్ అయిన సీజన్లో హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు! ఊళ్లో ఒక్క టికెట్ తెగలేదు. కప్పు వచ్చింది, గల్లాపెట్టె ఖాళీ.

మరి జీతాలు ఎవరిచ్చారు? యజమాని జేబు. ఆ జేబులో ఉన్నంతకాలం ఒకటో తారీఖు ఒకటో తారీఖే. జేబు తడుముకోవడం మొదలయ్యాక ఒకటి పదవుతుంది, పది ముప్పై అవుతుంది.

విశాఖలో పుట్టి పెరిగినవాళ్లకి ఇది కొత్త పాఠం కాదు. గాజువాక దాటి వెళ్తే కనబడే ఉక్కు ఫ్యాక్టరీని చూడండి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక వచ్చిన ఫ్యాక్టరీ అది. పనితనం ఉంది, పేరుంది. లేనిది సొంత ఇనుప ఖనిజం గనులు. తతిమ్మా పెద్ద ఉక్కు కంపెనీలు సొంత గనుల నుంచి తవ్వుకుంటే, మనవాళ్లు బయట మార్కెట్ రేటుకు కొనుక్కోవాలి. ఖనిజం ధర పెరిగినప్పుడల్లా ఆ భారం ఇక్కడి లెక్కల మీద పడుతుంది. 2021 జనవరిలో వంద శాతం వాటా అమ్మేయాలన్న నిర్ణయం, నాలుగేళ్ల తర్వాత 2025 జనవరిలో రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ. ఈ మధ్యకాలమంతా ఆ కుటుంబాలు ఎంత టెన్షన్ పడ్డాయో మీ క్లాసులోనే ఎవర్నో ఒకర్ని అడిగితే చెబుతారు. గనులు లేకపోవడం ఒక్కటే కారణమని అనడం లేదు. కానీ సొంత గని లేని ఫ్యాక్టరీకీ, సొంత రాబడి లేని క్లబ్బుకీ ఇబ్బంది మాత్రం ఒకటే. పని ఎంత బాగా చేసినా ప్రాణం ఇంకొకరి చేతిలో ఉంటుంది.

అదే ఊళ్లో ఓడరేవును చూడండి. 1933లో తెరిచారు. వచ్చిన ప్రతి ఓడా, దిగిన ప్రతి సరుకూ ఎంతో కొంత కట్టి వెళ్తుంది. ఒక ఓడ రాకపోతే ఇంకోటి వస్తుంది. వందల ఖాతాదారులున్న చోట ఒకడు చేతులెత్తేసినా జీతాలు ఆగవు. మీరు చేరబోయే కంపెనీ ఓడరేవు లాంటిదా, గని లేని ఫ్యాక్టరీ లాంటిదా? అది తెలుసుకోవడం మీ పని.

చైనా చెప్పిన పెద్ద పాఠం

హైదరాబాద్ చిన్న క్లబ్బు కాబట్టి ఇలా అయిందని సర్దిచెప్పుకోవచ్చు. మరి ఆసియాలోకెల్లా ధనిక క్లబ్బు సంగతేంటి?

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ క్లబ్బు 1954లో పుట్టింది. 2010లో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో కింది డివిజన్‌కి దిగిపోయినప్పుడు ఎవర్‌గ్రాండ్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ దాన్ని 10 కోట్ల యువాన్లకు కొన్నది. అక్కణ్నుంచి డబ్బు వర్షం. ఇటలీకి ప్రపంచ కప్ గెలిపించిన మార్సెల్లో లిప్పిని కోచ్‌గా తెచ్చారు. 2011 నుంచి 2017 వరకు వరుసగా ఏడు లీగ్ టైటిళ్లు, 2019లో ఎనిమిదోది. 2013, 2015ల్లో ఆసియా చాంపియన్. 2014లో అలీబాబా సంస్థ సగం వాటాకి 120 కోట్ల యువాన్లు పెట్టింది. 2020లో లక్షమంది పట్టే తామరపువ్వు ఆకారపు స్టేడియానికి పునాది వేశారు.

మరుసటి ఏడాదే ఎవర్‌గ్రాండ్ అప్పుల పుట్ట పగిలింది. 30 వేల కోట్ల డాలర్లకు పైగా బాకీ! అపార్టుమెంట్లు అమ్మగా వచ్చే డబ్బుతోనూ, అప్పులతోనూ నడిచిన క్లబ్బు అది. ఆ ఊట ఎండిపోగానే విదేశీ స్టార్లు వెళ్లిపోయారు, స్టేడియం మధ్యలోనే ఆగింది, 2022లో జట్టు కింది డివిజన్‌కి జారింది. పాత అప్పులు తీర్చలేక 2025 జనవరిలో లైసెన్సు రాక, 70 ఏళ్ల క్లబ్బు రద్దయిపోయింది. ఎనిమిది లీగ్ టైటిళ్లు, రెండు ఆసియా కప్పులు. ఒక్కటీ పనికిరాలేదు.

జియాంగ్సు క్లబ్బుది ఇంకా విచిత్రం. దాని యజమాని సునింగ్ అనే ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ. ఇటలీలో ఇంటర్ మిలన్‌ని కూడా కొన్నది వాళ్లే. 2020 నవంబరులో గ్వాంగ్‌జౌనే ఓడించి జియాంగ్సు తొలిసారి చైనా చాంపియన్ అయింది. 2021 ఫిబ్రవరి చివర్లో కార్యకలాపాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. కప్పుకీ మూతకీ మధ్య నాలుగు నెలలు కూడా లేవు.

విశాఖవాళ్లకి దగ్గరగా అనిపించే ఊరు దాలియన్. అక్కడా ఓడరేవు, నౌకా నిర్మాణం, నేవీ. అక్కడి క్లబ్బు 1994 నుంచి 2005 మధ్య ఎనిమిదిసార్లు చాంపియన్. ముందు వాండా, తర్వాత షిదే అనే సంస్థల చేతుల్లో నడిచింది. 2012లో షిదే యజమాని అవినీతి కేసులో చిక్కుకోవడంతో క్లబ్బు కూలింది. ఆ ఊళ్లోనే దాని తర్వాత ఎదిగిన మరో క్లబ్బు కూడా 2024 జనవరిలో మూతపడింది. ఊళ్లో అభిమానం మాత్రం పోలేదు. దాలియన్ యింగ్‌బో అనే కొత్త జట్టు 2025లో మళ్లీ పై లీగ్‌కి చేరింది.

ఇంకోవైపు షాంఘై పోర్ట్ అనే క్లబ్బుంది. పేరులోనే ఉంది, యజమాని అక్కడి ఓడరేవు సంస్థ. అది కూడా కోట్లు కుమ్మరించినదే. 2017లో బ్రెజిల్ ఆటగాడు ఆస్కార్‌ని తెచ్చి ఆసియా మొత్తాన్ని నోరెళ్లబెట్టించింది. 2018, 2023, 2024ల్లో చాంపియన్. అది నిలబడింది. ఖర్చు తక్కువ పెట్టి కాదు. వెనక ఉన్న సంస్థకి ఏ రోజుకారోజు ఓడల మీద రాబడి ఉంది కాబట్టి. అయినా అదీ యజమాని డబ్బే, రేపటికి హామీ లేదు. కాకపోతే ఏ జేబు లోతెంతో తెలిసి చేరడం వేరు, తెలియక చేరడం వేరు.

జీతం ముందు, కప్పు తర్వాత

మన తెలుగు నేల మీదే దీనికి పూర్తిగా తిరగేసిన కథ ఒకటుంది. అదీ హైదరాబాద్‌దే. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950లో డ్యూరాండ్ కప్పూ దానిదే. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచింది.

ఆ జట్టు ఆటగాళ్లకి కోట్ల కాంట్రాక్టుల్లేవు. పోలీసు శాఖలో ఉద్యోగం ఉండేది. నెల తిరిగేసరికి జీతం. ఓడినా జీతం, గెలిచినా జీతం. ఇల్లు ఎలా గడుస్తుందన్న బెంగ లేనివాడు మైదానంలో బంతి మీదే మనసు పెట్టగలడు. జట్టు పదేళ్లకు పైగా చెక్కుచెదరకుండా ఉండడానికి రహీమ్ సాబ్ బుర్ర ఎంత కారణమో, ఆ నెల జీతం కూడా అంతే కారణమని నా అభిప్రాయం.

ఆ రోజులు మళ్లీ వస్తాయని చెప్పడం లేదు. శాఖల జట్ల కాలం దాదాపు అయిపోయింది. రైల్వే లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉన్నా సీట్లు కొద్ది, పోటీ కొండంత. నేను చెప్పేది వరస గురించి. ముందు నిలకడైన రాబడి, దాని మీద గెలుపు. ఇప్పటి క్లబ్బులూ, కొన్ని స్టార్టప్‌లూ ఈ వరసని తిరగేశాయి. ముందు గెలుద్దాం, డబ్బు అదే వస్తుంది అంటున్నాయి. అది రాకపోతే నష్టపోయేది ఎవరు?

స్టార్‌కి ఫిఫా ఉంది... మీకెవరున్నారు?

ఈ వ్యాసంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే అయితే, అది ఇదే.

ఫిఫా నిబంధనల్లో ఒక రక్షణ ఉంది. క్లబ్బు అన్యాయంగా రెండు నెలల జీతం ఎగ్గొడితే, కనీసం పదిహేను రోజుల గడువుతో నోటీసిచ్చి ఆటగాడు కాంట్రాక్టు రద్దు చేసుకుని వెళ్లిపోవచ్చు. బకాయి కోసం ఫిఫా ముందు కేసు వేయొచ్చు. క్లబ్బు కట్టకపోతే కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం. అందుకే స్టార్లకి ఆలస్యంగానైనా దారి దొరుకుతుంది. ఏజెంటుంటాడు, లాయరుంటాడు, పిలిచే క్లబ్బులుంటాయి.

కానీ ఒక క్లబ్బులో ఆటగాళ్లు ముప్పై మందే. కిట్లు ఉతికేవాళ్లు, బస్సు నడిపేవాళ్లు, టికెట్లు అమ్మేవాళ్లు, సోషల్ మీడియా చూసేవాళ్లు, అకౌంట్లు రాసేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి ఫిఫా లేదు. నిజం చెప్పండి, డిగ్రీ పట్టా చేతబట్టుకుని వెళ్తే మీకు దొరికే కుర్చీ ఎవరిది? ఒగ్‌బెచెదా, ఆఫీసు గదిలోదా?

యజమాని మంచివాడైనా కష్టం రావచ్చు. 2025లో ఐఎస్ఎల్ నిర్వాహకులకీ, ఫుట్‌బాల్ సమాఖ్యకీ మధ్య 15 ఏళ్ల ఒప్పందం డిసెంబరుతో ముగిసిపోతుండగా కొత్తది కుదరలేదు. జులైలోనే సీజన్‌ని పక్కన పెట్టేశారు. కొన్ని క్లబ్బులు ఆటగాళ్లకీ, సిబ్బందికీ జీతాలు నిలిపేశాయి. వాళ్లు చేసిన తప్పు ఏమీ లేదు. పైనున్న ఒక్క సంతకం ఆగింది, కింద వందల ఇళ్లలో ఈఎంఐలు ఆగాయి.

అయితే ప్రభుత్వోద్యోగమే దిక్కా?

అబ్బే, కాదు. ఈ కథలు విని ‘ఇక గ్రూప్స్‌కి కూర్చుంటా’ అని పుస్తకాలు సర్దేయకండి. ప్రైవేటు కంపెనీలన్నీ ఎవర్‌గ్రాండ్‌లు కావు. రిస్కు తీసుకోవడానికి ఇరవై రెండేళ్ల వయసుకి మించినది లేదు కూడా. హైదరాబాద్ ఎఫ్‌సీ మునిగిపోతున్న 2023-24 సీజన్లో సీనియర్లు వెళ్లిపోవడం వల్లే ఎందరో కుర్రాళ్లకి పై లీగ్‌లో ఆడే అవకాశం వచ్చింది. మునిగే పడవలో కూడా ఈత నేర్చుకోవచ్చు. కానీ పడవకి చిల్లు ఉందని తెలిసి ఎక్కాలి, ఒడ్డు ఎంత దూరమో చూసుకుని ఎక్కాలి.

‘మాకొచ్చేదే ఒక్క ఆఫర్, దానికి ఇన్ని ప్రశ్నలా?’ అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజమే. ఇంట్లో ఎడ్యుకేషన్ లోన్ నడుస్తుంటే బేరమాడే స్థితి ఉండదు. ఒక్క ఆఫరే ఉంటే చేరండి. కానీ అడిగి చేరండి. జవాబు బాగోలేదని ఉద్యోగం వదులుకోనక్కర్లేదు. మొదటి నెల నుంచే ఇంకో ప్రయత్నం చేసుకోవాలా, బైక్ ఈఎంఐ ఇప్పుడే మొదలుపెట్టాలా, వద్దా అన్నది ఆ జవాబే చెబుతుంది.

విశాఖలో ఈ జాగ్రత్త ఇప్పుడు మరీ అవసరం. పెద్ద పేర్లు వరస కడుతున్నాయి. గూగుల్ డేటా సెంటర్‌కి ఒప్పందం అయింది, టీసీఎస్‌కి 99 పైసలకే భూమి ఇచ్చారు. సంతోషమే. కానీ ఒక పెద్ద కంపెనీ వస్తే దాని చుట్టూ సబ్ కాంట్రాక్టర్లు, కన్సల్టెన్సీలు పుట్టుకొస్తాయి. ఇంటర్వ్యూలో వినిపించే పేరు ఒకటి, జీతం ఇచ్చే పేరు ఇంకొకటి అయ్యే అవకాశం ఎక్కువ.

క్రీడారంగంలోనూ అంతే. 2014లో తెలుగు టైటాన్స్ వచ్చినప్పటి నుంచి మన ఊళ్లో కబడ్డీ సందడి ఉంది. ఢిల్లీ క్యాపిటల్స్ తన సొంత మ్యాచ్‌లు కొన్ని 2024, 2025ల్లో ఇక్కడే ఆడింది. ఇవన్నీ చూసి స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదువుదామనుకునేవాళ్లు ఒకటి గమనించండి. మ్యాచ్ ఊళ్లో ఉండేది కొన్ని రోజులు, ఉద్యోగం కావాల్సింది ఏడాది పొడవునా. 2020లో ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లోకి కొత్త క్లబ్బుని ఆహ్వానించినప్పుడు శ్రీనిధి పేరు పక్కన ఉన్న ఊరు విశాఖపట్నమే. కానీ శ్రీనిధి డెక్కన్‌గా అది స్థిరపడింది హైదరాబాద్‌లో. జట్టు బాగా ఆడింది, 2022-23, 2023-24ల్లో వరుసగా రన్నరప్ కూడా. విశాఖ కుర్రాడికి మాత్రం సొంతూళ్లో ఆ క్లబ్బు ఉద్యోగం లేదు. కాగితం మీద ఊరు పేరు ఉన్నంత మాత్రాన పని ఆ ఊళ్లో ఉంటుందనుకోకండి.

చేరే ముందు ఈ ఐదూ చూడండి

1. కస్టమర్ ఎవరు? కంపెనీ ఎవరికి ఏం అమ్ముతోంది, అలాంటి కస్టమర్లు ఎంతమంది అని అడగండి. ఒకే క్లయింటు మీద నడుస్తుంటే ఆ క్లయింటు వెళ్లిన రోజు మీ సీటూ వెళ్తుంది. ‘ఇంకా అమ్మకాలు మొదలవలేదు, ఇన్వెస్టర్ల డబ్బుతో నడుస్తున్నాం’ అంటే తప్పేం కాదు. ఆ డబ్బు ఎన్ని నెలలకు సరిపోతుందో కూడా అడగండి.

2. ఆఫర్ లెటర్ మీద పేరు ఎవరిది? ఆ పేరుని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో కొట్టి చూడండి. కంపెనీ ఎప్పుడు పుట్టింది, చివరి బ్యాలెన్స్ షీట్ ఎప్పుడు దాఖలు చేసింది అన్నవి తెలుస్తాయి. రెండు మూడేళ్లుగా లెక్కలే ఇవ్వని కంపెనీ మీ జీతం లెక్క ఎంత బాగా చూస్తుందో ఆలోచించండి.

3. జీతం ఏ తారీఖున పడుతోంది? ఇది హెచ్ఆర్‌ని కాదు, అక్కడ పనిచేస్తున్న సీనియర్‌ని అడగండి. ‘జీతం బాగా ఇస్తారా?’ అంటే ‘బానే ఇస్తారు’ అంటారు. ‘గత మూడు నెలలు ఏయే తారీఖుల్లో పడింది?’ అంటే అసలు సంగతి బయటికొస్తుంది. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల ఏడో తేదీలోగా ఇవ్వాలి.

4. పీఎఫ్ కడుతున్నారా? ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థకి పీఎఫ్ తప్పనిసరి. చేరాక మీ యూఏఎన్ యాక్టివేట్ చేసుకుని పాస్‌బుక్ నెలనెలా చూసుకోండి. జీతం స్లిప్పులో కోత కనిపించి పాస్‌బుక్‌లో జమ కనిపించకపోతే అది మొదటి ప్రమాద ఘంటిక. జీతం ఆగడానికి చాలా ముందే అది మోగుతుంది.

5. మీ రెండు నెలల గీత ఎక్కడ? ఆటగాడికి ఫిఫా గీసిచ్చింది. మీరు మీకే గీసుకోవాలి. మొదటి నెల జీతం నుంచే కొంత పక్కన పెట్టి, రెండు నెలల ఖర్చు చేతిలో ఉండేలా చూసుకోండి. జీతం ఒక నెల ఆగితే మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. రెండో నెలా ఆగితే బయట ఇంటర్వ్యూలకి వెళ్లండి. ‘సీజన్ అయ్యాక అంతా సర్దుకుంటుంది’ అన్న మాటని మాత్రం నమ్మి కూర్చోకండి. మూతపడిన ప్రతి చోటా జనం చివరిదాకా విన్న మాట అదే.

ఇవన్నీ అడిగితే ‘వీడికి పొగరు’ అనుకుంటారేమోనని మీ భయం. అనుకోరు. సరిగ్గా నడిచే కంపెనీలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం గర్వంగా ఫీలవుతారు. చిరాకుపడితే, ఆ చిరాకే మీకు జవాబు.

ఇంటర్వ్యూ చివర్లో బల్లకి అవతలివైపు నుంచి ‘మీరేమైనా అడగాలనుకుంటున్నారా?’ అంటారు. మనలో నూటికి తొంభై మంది ‘నో సర్, థాంక్యూ సర్’ అని లేచి వచ్చేస్తాం. ఈసారి లేవకండి. కూర్చునే, నవ్వుతూనే, మర్యాదగానే అడగండి: ‘సర్, కంపెనీకి ప్రధానంగా రాబడి ఎక్కడి నుంచి వస్తుందండీ?’